'ఆమె' నుంచి 'అది' దాకా : 'డ్రాక్యులా', 'కార్మిల్లా'లలో భయాన్ని నిర్మించే భాష, ప్రతీకలు

వ్యాససంగ్రహం:
రక్తపిశాచ కథల్లో భయం పాడుబడిన కోటలు, గబ్బిలాలు, శవపేటికలు వంటి సామగ్రి నుంచి పుడుతుందన్న అభిప్రాయం విమర్శలోనూ, తరగతిగదిలోనూ స్థిరపడి ఉంది. షెరిడన్ లె ఫాను 'కార్మిల్లా' (1872), బ్రామ్ స్టోకర్ 'డ్రాక్యులా' (1897) రచనలను దగ్గరగా చదివితే ఆ అభిప్రాయం నిలవదు. తేదీలు వేసి రాసుకున్న పొడి భాష, పేరు పెట్టడానికి జంకే కథకులు, ఒక సర్వనామం స్థానంలో మరొకటి చేరటం, ఇంటి వస్తువులు తమ మామూలు అర్థాన్ని విడిచిపెట్టటం ఈ రచనల్లో భయానికి అసలు కారణాలు. వీటిలో తెలుగులోకి వచ్చేది ఏది, జారిపోయేది ఏది అన్న ప్రశ్నను కూడా ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: గోథిక్ నవల, రక్తపిశాచం, భయానకరసం, శంక, ప్రతీక, సర్వనామం, అనువాదం.

1. ప్రస్తావన:

భయానకరసానికి విభావాలను చెబుతూ భరతుడు వికృతమైన ధ్వనులు, భూతప్రేతాల దర్శనం, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, అడవులు, శూన్యగృహాలు మొదలైనవాటిని పేర్కొన్నాడు. 'డ్రాక్యులా' తొలి నాలుగు అధ్యాయాలను ఈ జాబితాతో సరిపోల్చటం చాలా తేలిక. తోడేళ్ల ఊళలున్నాయి, అడవి దారి ఉంది, మనుషులు లేని కోట ఉంది. తెలుగులో గోథిక్ సాహిత్యంపై జరిగే చర్చలు తరచు ఈ పోలిక దగ్గరే ఆగిపోతాయి. విభావాల పట్టిక నిండగానే రసం సిద్ధించినట్టు భావించటం ఇందులోని చిక్కు. అదే పట్టికతో రాసిన వందల కథలు ఇవాళ ఎవరినీ భయపెట్టటం లేదు. స్టోకర్ నవల మాత్రం నూట పాతికేళ్లు దాటినా, కథ ముందే తెలిసిన పాఠకుణ్ణి సైతం కొన్ని పుటల దగ్గర ఇబ్బంది పెడుతూనే ఉంది.

ఆ ఇబ్బందికి కారణం భరతుని పట్టికలోనే మరొకచోట దొరుకుతుంది. భయానకానికి చెప్పిన వ్యభిచారిభావాల్లో త్రాసం, మోహం, అపస్మారాల వంటివాటితో పాటు 'శంక' కూడా ఉంది. శంక వచ్చి పోయే భావం. గోథిక్ రచయితలు చేసిన పని, ఆ వచ్చి పోయేదాన్ని పోనివ్వకుండా నిలబెట్టటం. ఆన్ రాడ్‌క్లిఫ్ మరణానంతరం 1826లో వెలువడిన వ్యాసంలో భీతికీ, జుగుప్సతో కూడిన దిగ్భ్రమకూ తేడా చెప్పింది. మొదటిది చిత్తవృత్తులను విస్తరింపజేసి మేల్కొల్పుతుందనీ, రెండవది వాటిని కుంచించి గడ్డకట్టిస్తుందనీ ఆమె అభిప్రాయం. మొదటిదానికి అస్పష్టత అవసరం. ఎడ్మండ్ బర్క్ 1757లోనే ఈ అస్పష్టతను ఉదాత్త భావనకు మూలంగా గుర్తించాడు. అస్పష్టత అంటే పొగమంచూ చీకటీ కావు. అది వాక్యంలో ఉండవలసిన గుణం. ఏ వాక్యంలో, ఏ పదం దగ్గర అన్నదే ఇక్కడ పరిశీలించవలసింది.

2. పేరు పెట్టలేని వస్తువు:

'వాంపైర్' అనే మాట ఆంగ్లంలో 1730వ దశకంలో స్థిరపడింది. సెర్బియా పల్లెల్లో సమాధులు తవ్వి చూసిన ఆస్ట్రియన్ సైనిక వైద్యుల నివేదికలు 1732లో యూరప్ అంతటా చర్చకు వచ్చినప్పుడు ఆ మాట పత్రికలకెక్కింది. అంటే ఈ పదం ఆంగ్లంలోకి జానపద గాథగా కాక, అధికారుల నివేదికగా ప్రవేశించింది. స్టోకర్ నవల రూపానికీ ఈ పుట్టుకకూ ఉన్న పోలిక గమనించదగినది.

తెలుగు పాఠకునికి ఈ పదంతో ఉన్న అనుబంధం వేరు. రిచర్డ్ బర్టన్ 1870లో భేతాళ కథలను ఆంగ్లంలో వెలువరిస్తూ 'విక్రమ్ అండ్ ది వాంపైర్' అని పేరు పెట్టాడు. బర్టన్‌ను స్వయంగా ఎరిగిన స్టోకర్, 1906లో ప్రచురించిన హెన్రీ ఇర్వింగ్ స్మృతుల్లో మాట్లాడేటప్పుడు బయటపడే బర్టన్ కోరపన్నును ప్రత్యేకంగా వర్ణించాడు. ఈ పరిచయాన్ని పట్టుకొని డ్రాక్యులాకు మూలం భేతాళుడని చెప్పటం తొందరపాటు. భేతాళుడు శవాన్ని ఆవహించినవాడే కాని, విక్రమార్కుని మెడమీద పన్ను పెట్టినవాడు కాడు. అతడు కథ చెబుతాడు, ప్రశ్న వేస్తాడు, సమాధానం రాగానే చెట్టెక్కుతాడు. 'చందమామ' చదువుతూ పెరిగిన తెలుగు పిల్లలెవరూ భేతాళుణ్ణి చూసి నిద్ర మానుకొని ఉండరు. మాట్లాడే శవం భయపెట్టనిది, మర్యాదగా ఆహ్వానించే జమీందారు ఎందుకు భయపెడతాడన్నదే అసలు ప్రశ్న.

స్టోకర్ తన చిత్తుప్రతుల్లో పాత్రకు మొదట 'కౌంట్ వాంపైర్' అనే పేరు రాసుకున్నాడు. ఫిలడెల్ఫియాలోని రోజెన్‌బాక్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్న ఆ కాగితాల్లో తరువాత 'డ్రాక్యులా' అన్న పేరు చేరింది. 1890లో విట్బీ పట్టణంలో విలియం విల్కిన్సన్ రాసిన వలాకియా చరిత్ర చదువుతున్నప్పుడు అది అతనికి దొరికింది. ఈ మార్పు రచనకు ప్రాణం పోసింది. 'వాంపైర్' అని పేరున్నవాణ్ణి చూసి పాఠకుడు శంకించవలసిన పని లేదు, ముందే తెలిసిపోతుంది. 'డ్రాక్యులా' ఆనాటి పాఠకునికి ఏ అర్థమూ ఇవ్వని శబ్దం. నవలలో చాలా భాగం వరకు పాత్రలన్నీ ఆ శబ్దం చుట్టూ తిరుగుతాయే తప్ప, దానికి అర్థం చెప్పగలవాడు లేడు.

తొలి అధ్యాయంలో ఒక చిన్న ఘట్టం ఈ పద్ధతికంతటికీ నమూనా. బండి దగ్గర గుమిగూడిన గ్రామస్థులు తనవైపు జాలిగా చూస్తూ ఏవో మాటలు పదే పదే అనుకోవటం జోనాథన్ హార్కర్ వింటాడు. అతను భయపడడు, సంచిలోంచి బహుభాషా నిఘంటువు తీస్తాడు. సైతాను, నరకం, మంత్రగత్తె, తోడేలుగా మారే మనిషి లేదా రక్తపిశాచం అని అర్థాలు దొరుకుతాయి. ఈ మూఢనమ్మకాల సంగతి కౌంట్‌నే అడిగి తెలుసుకోవాలని దినచర్యలో ఒక గుర్తు రాసుకుంటాడు. పాఠకుని వెన్ను జలదరించేది ఈ గుర్తు దగ్గర. నిఘంటువు అర్థం ఇచ్చింది. అది ఎవరికి వర్తిస్తుందన్నది మాత్రం చెప్పలేదు. పదార్థం తెలిసి కూడా వాక్యార్థం అందని మనిషి ఆపదలోకి నడవటాన్ని పాఠకుడు నిస్సహాయంగా చూస్తాడు.

వాన్ హెల్సింగ్ ప్రయోగించే 'అన్-డెడ్' అనే మాట ఇంకా సూక్ష్మమైనది. స్టోకర్ చాలాకాలం నవలకు ఉంచిన పేరు కూడా అదే. మరణానికి వ్యతిరేకం జీవితం కావాలి. ఈ పదం మరణాన్ని నిషేధిస్తుంది కాని జీవితాన్ని ఇవ్వదు. దీన్ని తెలుగులోకి తేబోతే విచిత్రమైన అడ్డంకి ఎదురవుతుంది. మృతానికి నిషేధరూపం 'అమృతం'. వ్యుత్పత్తి రీత్యా సరిగ్గా సరిపోయే ఈ పదం భావం రీత్యా పూర్తిగా ఎదురు దిక్కులో ఉంది. 'రక్తపిశాచం' అంటే ఆహారం తెలుస్తుంది, స్థితి తెలియదు. వాడుకలో ఉన్న 'చచ్చీ చావని' అనే పలుకుబడి వీటన్నిటికంటె దగ్గరగా వస్తుంది. అయితే దానిలో వేదన ధ్వనిస్తుంది, కొసప్రాణం ధ్వనిస్తుంది. డ్రాక్యులాకు లేనిది ఆ వేదనే. లూసీని వదలకుండా పట్టినది బహుశా అదే.

3. దినచర్య భాష, తేదీల భయం:

నవలలో సర్వసాక్షి కథకుడు లేడు. హార్కర్ షార్ట్‌హ్యాండ్ దినచర్య, మీనా దినచర్య, లూసీ ఉత్తరాలు, డాక్టర్ సీవర్డ్ ఫోనోగ్రాఫ్ సిలిండర్లలో చెప్పుకున్న మాటలు, పత్రికల కత్తిరింపులు, తంతివార్తలు, ఓడ చిట్టా కలిసి నవల అయ్యాయి. ఈ పద్ధతి స్టోకర్ కనిపెట్టినది కాదు, విల్కీ కాలిన్స్ అంతకు ముందే సమర్థంగా వాడాడు. స్టోకర్ ప్రత్యేకత, దస్తావేజు భాషలోని నిర్వికారతను భయానికి సాధనంగా మలచటంలో ఉంది. మే 3న హార్కర్ రాసిన మొదటి పుటలో రైలు ఆలస్యం, మిరపపొడితో వండిన కోడికూర, ఆ వంట విధానం మీనా కోసం అడిగి తెలుసుకోవాలన్న తలంపు ఉన్నాయి. దొరతనపు గుమాస్తా రాసుకునే ప్రయాణపు లెక్కలాంటి భాష ఇది. పాఠకుడు ఈ భాషకు అలవాటు పడిన తరువాత, అదే కొలతతో, అదే వరుసతో హార్కర్ మరొక సంగతి నమోదు చేస్తాడు: కౌంట్ కోటగోడ మీదుగా తలకిందులుగా, బల్లి పాకినట్టు దిగిపోవటం. భాష స్వరం పెంచదు. భయం పెరిగేది అందుకే.

తేదీని ఆయుధంగా మార్చిన ఘట్టం మరొకటి ఉంది. మే 19న కౌంట్ ఎంతో సౌమ్యంగా హార్కర్ చేత మూడు ఉత్తరాలు ముందుగానే రాయిస్తాడు. పని దాదాపు పూర్తయిందనీ, రేపు బయలుదేరుతున్నాననీ, కోట విడిచి బిస్ట్రిట్జ్ చేరాననీ. వేటి మీద ఏ తేదీ వేయాలో చెబుతాడు: జూన్ 12, జూన్ 19, జూన్ 29. తన ఆయుర్దాయం ఎంతో హార్కర్‌కు అప్పుడు తెలుస్తుంది. ఇక్కడ నెత్తురు లేదు, రాత్రి లేదు, బెదిరింపు లేదు. ఉత్తరం పైన వేసే తేదీ మాత్రమే ఉంది. గోథిక్ భయమంతా మధ్యయుగపు సామగ్రిలో ఉందనేవారు ఈ పుటను మరొకసారి చదవాలి.

'డిమీటర్' ఓడ చిట్టా ఈ పద్ధతికి పరాకాష్ఠ. జూలై 6న వార్నా రేవు నుంచి వెండి ఇసుక, మట్టి పెట్టెలు ఎత్తుకొని తొమ్మిది మందితో బయలుదేరిన ఓడ అది. కెప్టెన్ రష్యన్ భాషలో రాసినదాన్ని రష్యన్ కాన్సల్ గుమాస్తా అనువదిస్తూ చెబితే, విలేకరి రాసుకున్నాడు. కెప్టెన్ అనుభవానికీ పాఠకునికీ మధ్య ముగ్గురు నిలబడ్డారు. రక్తపిశాచం అనే మాట చిట్టాలో ఎక్కడా లేదు. ఒక నావికుడు కనిపించటం లేదు, వాతావరణం బాగాలేదు, మరొకడు కనిపించటం లేదు, పొగమంచు. మనుషులు తగ్గిపోతుంటే కెప్టెన్ తన వృత్తిధర్మంగా గాలి దిక్కునూ, దాటిన తీరాలనూ రాస్తూనే ఉంటాడు. చివరికి చుక్కానికి తన చేతులు తానే కట్టుకుంటాడు. 1885లో విట్బీ తీరానికి నిజంగానే కొట్టుకొచ్చిన 'దిమిత్రీ' అనే రష్యన్ ఓడ ఈ కల్పనకు ఆధారం. స్టోకర్ ఆ ఘటన వివరాలను ఊరివాళ్ల దగ్గర సేకరించి రాసుకున్నాడు. వాస్తవం నుంచి అతడు తీసుకున్నది ఓడ కంటె ఎక్కువగా, ఓడను గురించి రాసే భాషను.

4. అద్దం, గడప, కిటికీ:

'డ్రాక్యులా'లో ప్రతీకలను పట్టికగా రాయటం పరీక్షకు పనికొస్తుంది. అద్దం ఆత్మకు, సిలువ విశ్వాసానికి, నెత్తురు ప్రాణానికి సంకేతాలంటే అబద్ధమేమీ కాదు. అయితే ఇవన్నీ పాఠకునికి ముందే తెలిసిన సమీకరణాలు, తెలిసినది భయపెట్టదు. ప్రతీక ఎప్పుడు పని చేస్తుందో చూడటానికి గడ్డం గీసుకునే ఘట్టం మంచి ఉదాహరణ. భుజం మీద చెయ్యి పడుతుంది, శుభోదయం వినిపిస్తుంది, హార్కర్ ఉలిక్కిపడి చిన్న గాటు పెట్టుకుంటాడు. పలకరింపుకు బదులిచ్చి, మనిషి వచ్చినా ఎందుకు కనిపించలేదో చూద్దామని తిరిగి అద్దంలోకి చూస్తాడు. గది అంతా ఉంది, తానున్నాడు, పక్కనున్నవాడు లేడు. ఆ తరువాత కౌంట్ చూపు నెత్తుటి మీద పడటం, మెడలోని జపమాల తగిలి వెనక్కు తగ్గటం, అద్దాన్ని కిటికీలోంచి విసిరేయటం వరుసగా జరిగిపోతాయి. ఘట్టం ముగింపులో హార్కర్ బాధ ఏమిటంటే, ఇక గడ్డం ఎలా గీసుకోవాలని. గడియారం మూతలోనో, లోహపు గిన్నె అడుగునో చూసుకోవాలి కాబోలు. ఈ అల్పమైన చింత లేకపోతే ఆ అద్దం మతగ్రంథంలోని ప్రతీకగా మిగిలేది. గడ్డపు గిన్నె దాన్ని మళ్లీ ఇంటి వస్తువును చేసింది. ఇంటి వస్తువు మోసగించినప్పుడు కలిగే భయానికి సాటి లేదు. 1919 నాటి ప్రసిద్ధ వ్యాసంలో ఫ్రాయిడ్ చర్చించినది కూడా పరిచితమైనదే అపరిచితంగా మారటాన్ని.

గడప విషయమూ ఇటువంటిదే. ఇంటివారిలో ఎవరో ఒకరు పిలిస్తే తప్ప రక్తపిశాచం మొదటిసారి లోపలికి రాలేదని వాన్ హెల్సింగ్ చెబుతాడు. దీన్ని ఒక నియమంగా వింటే పిల్లల కథలా ఉంటుంది. లూసీ ఇంట్లో ఆ నియమం ఎలా అమలయిందో చూస్తే మాట పెగలదు. వాన్ హెల్సింగ్ వెల్లుల్లి పూలతో గది నింపి, కిటికీలు మూసి వెళతాడు. గది ఉక్కగా ఉందనీ, ఆ ఘాటు బిడ్డకు పడదనీ తల్లి వచ్చి పూలు తీసేస్తుంది, కిటికీ కొంచెం తెరుస్తుంది. మరునాడు ఆ సంగతి ఆమే సంతోషంగా చెబుతుంది. గుండెజబ్బు మనిషి కనుక ఆమెకు నిజం చెప్పరాదని అందరూ దాచారు. పిలిచింది శత్రువు కాదు. ద్రోహి కాదు. తల్లి ప్రేమ, వైద్యుల మర్యాద కలిసి కిటికీ తెరిచాయి. కన్నకూతురి గదికి గాలి ఆడాలనుకోని తల్లి ఏ దేశంలో ఉంటుంది?

నెత్తురు ప్రతీక గురించి విమర్శ ఇప్పటికే విస్తారంగా ఉంది. క్రిస్టఫర్ క్రాఫ్ట్ 1984లో దానిని లైంగికత దిశగా చదివాడు. ఫ్రాంకో మొరెట్టి పెట్టుబడి దిశగా చదివాడు. మార్క్స్ సైతం 'పెట్టుబడి' గ్రంథంలో రక్తపిశాచ రూపకాన్ని వాడాడు కనుక ఆ దారి సహజమే. వీటికి చేర్చదగిన చిన్న సంగతి ఒకటి ఉంది. లూసీకి నలుగురు పురుషులు నెత్తురిస్తారు. రక్తవర్గాలను లాండ్‌స్టైనర్ గుర్తించింది నవల వెలువడిన తరువాత, 1900-01 ప్రాంతంలో. ఈనాటి పాఠకునికి ఆ వైద్యమే ప్రమాదకరంగా కనిపిస్తుంది. కాపాడేవారి చర్యకూ, చంపేవాడి చర్యకూ మధ్య గీత నవల రాసినవాడు ఉద్దేశించిన దానికంటె పలుచబడింది.

5. ప్రేమ పలుకుల్లో భయం - 'కార్మిల్లా':

'డార్క్ బ్లూ' పత్రికలో 1871-72లో ధారావాహికంగా వచ్చి, 'ఇన్ ఎ గ్లాస్ డార్క్‌లీ' సంపుటిలో చేరిన 'కార్మిల్లా'లో భాష ఇంకొక పని చేస్తుంది. స్టోకర్ భాష పొడిగా ఉంటే లె ఫాను భాష తీపి. స్టిరియాలోని ఒంటరి భవనంలో తండ్రితో ఉండే లారాకు ప్రాణస్నేహితురాలిగా వచ్చిన కార్మిల్లా నోట భయపెట్టే మాట ఒక్కటీ రాదు. ఆమె పలుకులన్నీ ప్రేమ పలుకులే. నీవు నాదానివి, మనం ఒకటి, ప్రేమ కోసం చావటం వంటి మాటలు ఆ కాలపు భావకవితా ధోరణిలో ఎవరైనా అనగలిగినవే. ఆ మాటలు ఆమె అక్షరార్థంగా అంటున్నదన్న స్పృహ పాఠకునికి కలుగుతుంది, లారాకు కలగదు. రూపకాన్ని వాచ్యార్థంగా తీసుకోవటమే ఇక్కడి భీతి. ఆలంకారికులు ముఖ్యార్థబాధ కలిగినప్పుడు లక్ష్యార్థానికి వెళ్లమంటారు. లె ఫాను పాఠకుణ్ణి లక్ష్యార్థంలో సుఖంగా కూర్చోబెట్టి, నెమ్మదిగా ముఖ్యార్థంలోకి వెనక్కు నడిపిస్తాడు.

కార్మిల్లా, మిల్లార్కా, మిర్కల్లా పేర్లు మూడూ అవే అక్షరాల తారుమారు. అక్షరాలను మార్చగలదు కాని కొత్త అక్షరం చేర్చలేదు. మృత్యువు తరువాతి బతుకు ఎంత ఇరుకైనదో చెప్పటానికి ఇంతకంటె క్లుప్తమైన ప్రతీక మరొకటి అక్కరలేదు.

చివరి పుటలో లారా, డ్రాయింగ్‌రూమ్ తలుపు దగ్గర కార్మిల్లా తేలికపాటి అడుగుల సవ్వడి విన్నట్టు అప్పుడప్పుడూ అనిపిస్తుందని రాస్తుంది. ఆ వాక్యంలో భయం ఎంతో, ఎదురుచూపు ఎంతో తేల్చటం కష్టం. అయితే కథ మొదట్లోనే, డాక్టర్ హెసీలియస్ కాగితాలకు రాసిన పీఠికలో, ఈ వృత్తాంతం రాసినామె ఈలోగా మరణించిందని ఉంది. ఎలా మరణించిందో చెప్పలేదు. రక్తపిశాచం బారిన పడి చనిపోయినవారు రక్తపిశాచాలవుతారని కథ చివర్లో వివరించి ఉంది. ఈ రెండు సమాచారాలను లె ఫాను కలపలేదు. కలిపే పని పాఠకునికి వదిలాడు. పీఠికను దాటవేసి చదివేవారు ఈ కథలో సగాన్ని పోగొట్టుకుంటారు.

6. 'ఆమె' నుంచి 'అది' :

'డ్రాక్యులా' పదహారవ అధ్యాయం నవలకు హృదయం వంటిది. శ్మశానంలో కాపు కాసిన నలుగురు పురుషులకు సమాధిలోంచి వెళ్లి బిడ్డతో తిరిగి వస్తున్న లూసీ ఎదురవుతుంది. ఈ ఘట్టం సీవర్డ్ మాటల్లో ఉంది. మొదట ఒక తెల్లని ఆకారం. తరువాత లూసీ, కాని ఎంతో మారిన లూసీ. ఆ పైన, తమ ముందున్న 'వస్తువు'ను లూసీ అని పిలవటం దానికి ఆమె రూపం ఉన్నందువల్లనేనని సీవర్డ్ వివరణ ఇచ్చుకుంటాడు. ఆ క్షణంలో తనలో మిగిలి ఉన్న ప్రేమ అసహ్యంగా మారిందనీ, చంపవలసి వస్తే ఆటవికమైన ఆనందంతో చంపగలననీ ఒప్పుకుంటాడు. మరునాడు ఆర్థర్ మేకు దిగగొట్టేటప్పుడు శవపేటికలో ఉన్నది పెద్దక్షరంతో రాసిన 'వస్తువు'. పని పూర్తయ్యాక అది తిరిగి లూసీ అవుతుంది. ఒక స్త్రీని చంపటానికి ముందు ఆమెను వ్యాకరణం నుంచి తప్పించారు. చంపిన తరువాత వ్యాకరణంలోకి మళ్లీ ఆహ్వానించారు.

దీనికి రచయిత చాలా ముందునుంచీ రంగం సిద్ధం చేశాడు. కోటలోని ముగ్గురు స్త్రీలకు వాడిన, భోగలాలసను సూచించే ఒక విశేషణం, మరణశయ్య మీద లూసీకీ, సమాధి దగ్గర లూసీకీ, చివర్లో వాన్ హెల్సింగ్ చూసిన అదే ముగ్గురికీ మళ్లీ మళ్లీ వస్తుంది. రాసినవారు వేరు, చూసినది వేరు, విశేషణం ఒక్కటే. కోరపళ్లు కనిపించటానికి ముందే ఆ విశేషణం కనిపిస్తే భయపడటం పాఠకునికి అలవాటవుతుంది. భయం దేని మీద? పన్ను మీదా, కోరిక మీదా? నవల ఈ రెండింటినీ విడదీయలేదు, విడదీయాలనుకున్న దాఖలా కూడా లేదు. దీనిని స్టోకర్ శిల్పంగా మెచ్చుకునేవారు, దీని ధరను కూడా చెప్పాలి.

ఈ ఘట్టాన్ని తెలుగులోకి తేవలసి వస్తే ఏమవుతుంది? ఆంగ్లంలో స్త్రీవాచక సర్వనామానికీ, నపుంసక సర్వనామానికీ మధ్య తెంపు ఉంది. తెలుగులో ఏకవచనంలో మహతీవాచకాలు క్రియతో అమహత్తుల్లాగే అన్వయిస్తాయి. లూసీ వచ్చింది, పిల్లి వచ్చింది, గాలి వచ్చింది. సర్వనామం దగ్గరైనా తేడా చూపుదామంటే, 'అది' అనే మాటను తెలుగువారు చెల్లెలికీ, కూతురికీ చనువుతో వాడతారు, గిట్టని స్త్రీకి తిరస్కారంతో వాడతారు. 'ఆమె'ను 'అది'గా మారిస్తే మనిషి వస్తువైనట్టు ధ్వనించదు, గౌరవం తగ్గినట్టు మాత్రమే ధ్వనిస్తుంది. భయం పోయి తిట్టు మిగులుతుంది. 'ఆ వస్తువు', 'ఆ ఆకారం' అని విప్పి రాయటమొక్కటే దారిగా కనిపిస్తుంది.

అయితే ఇది ఒట్టి నష్టం కాదు. విట్బీ కొండమీది బల్లపై కూర్చున్న లూసీ మీదికి వంగిన నల్లని రూపం మనిషో మృగమో మీనాకు తెలియదు. ఆంగ్ల వాక్యం ఏదో ఒక కర్తను పెట్టాలి. తెలుగు వాక్యం కర్త లేకుండా నిలవగలదు. 'వచ్చింది. వంగింది. చూసింది.' ఎవరన్నది క్రియ చెప్పదు. స్టోకర్ ఎంతో శ్రమపడి తెచ్చిన అస్పష్టత తెలుగు క్రియాపదానికి పుట్టుకతో ఉంది. తెలుగులో భయానక రచన చేసేవారు ఈ వనరును వాడుకున్నది తక్కువ. 'తులసిదళం' వంటి ప్రసిద్ధ నవలలు వైద్యానికీ చేతబడికీ మధ్య శంకను బాగా నిలిపాయి కాని, ఆ శంక ఎక్కువగా కథలో ఉంది, వాక్యంలో కాదు.

కౌంట్ విషయంలో చిక్కు ఇంకొక రకం. హార్కర్‌కు మొదట అతడు కక్షిదారు, ఆతిథ్యమిచ్చిన ప్రభువు. తెలుగులో 'ఆయన' అనాలి. గోడ మీద పాకటం చూశాక ఇది మనిషా, మనిషి రూపంలోని జీవమా అని తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆంగ్ల సర్వనామం ఇవన్నీ భరిస్తుంది. తెలుగు అనువాదకుడు 'ఆయన' నుంచి 'అతడు'కు, 'వాడు'కు, 'అది'కి ఏ తేదీన దిగాలో తానే నిర్ణయించుకోవాలి. దినచర్య కనుక తేదీ తప్పదు. ఆ మెట్లు దిగటంలోనే హార్కర్ భయపు చరిత్ర అంతా చెప్పవచ్చు. మూలంలో లేని సౌలభ్యం ఇది.

7. రాసేవారు, రాయబడేవారు:

ఇన్ని దస్తావేజులున్న నవలలో డ్రాక్యులాది ఒక్క దినచర్య లేదు. లూసీకి బతికి ఉండగా దినచర్య ఉంది, చచ్చీ చావని స్థితిలో లేదు. ఆ స్థితిలో ఆమెను చూసిన పిల్లలు తమ ముద్దుమాటల్లో ఆమెకొక వంకర పేరు పెట్టుకుంటే, పత్రిక దాన్ని వినోదంగా అచ్చువేసింది. భయపెట్టేవారంతా ఇతరుల రాతల్లోనే ఉన్నారు. స్టీఫెన్ అరాటా 1990లో ఈ నవలను వలసపాలన తిరగబడి తమమీదికే వస్తుందన్న ఆంగ్లేయుల భీతిగా వ్యాఖ్యానించాడు. ఆ వ్యాఖ్యానాన్ని హార్కర్ సోఫా దగ్గర ఆగి చదివితే మరింత బలపడుతుంది. కౌంట్ ఆ సోఫా మీద పడుకొని చదువుతున్నది ఆంగ్లేయుల రైలు వేళల పుస్తకం. అతని గదిలో లండన్ డైరెక్టరీ ఉంది, న్యాయవాదుల జాబితా ఉంది. తన దేశంలో తాను ప్రభువుననీ, లండన్ వీథిలో మాట యాస పట్టి పరాయివాడని ఎవరూ గుర్తించరాదనీ అతని కోరిక. తప్పులు దిద్దమని హార్కర్‌ను బతిమాలుతాడు. పరాయి పాలకుని భాషను పుస్తకాలతో కుస్తీపట్టి నేర్చి, ఉచ్చారణ గురించి సిగ్గుపడిన తరాలు గల దేశపు పాఠకునికి ఈ పుట దగ్గర భయం కలగదు. కలిగేది వేరొక భావం. దానికి పేరు పెట్టటం అంత తేలిక కాదు.

కౌంట్ చదవలేనిది ఒక్కటే ఉంది. హార్కర్ మీనాకు రహస్యంగా పంపబోయిన షార్ట్‌హ్యాండ్ ఉత్తరం అతని చేతికి చిక్కుతుంది. ఆ వింత గుర్తులను చూసి, స్నేహానికీ ఆతిథ్యానికీ అపచారమంటూ దీపం మంటలో కాల్చేస్తాడు. తరువాత లండన్‌లో సీవర్డ్ ఇంట రాతప్రతినీ, సిలిండర్లనూ తగలబెట్టేదీ అతడే. మీనా టైపు చేసి ఉంచిన మరొక ప్రతి ఇనప్పెట్టెలో ఉండటం వల్ల కథ మిగిలింది. ఫ్రీడ్రిష్ కిట్లర్, జెన్నిఫర్ విక్ వంటి విమర్శకులు టైపురైటరే ఈ నవలలో అసలు విజేత అన్నారు. అది సగం నిజం.

ఎందుకంటే ఏడేళ్ల తరువాత హార్కర్ చేర్చిన చివరి గమనికలో ఆ విజయం మీద నీడ ఉంది. కాగితాలన్నీ తిరగేస్తే అసలు దస్తావేజు అనదగినది దాదాపు ఒక్కటీ లేదనీ, ఉన్నదంతా టైపు చేసిన ప్రతేననీ, దీన్ని రుజువుగా అంగీకరించమని ఎవరినీ అడగలేమనీ అతడే ఒప్పుకుంటాడు. సీవర్డ్ గొంతు వణికిందో లేదో ఇప్పుడు తెలియదు, సిలిండర్ లేదు. లూసీ సమాధి దగ్గర నిజంగా ఏమని ఉంటుందో తెలియదు, విన్నవారు నలుగురూ ఒకే పక్షం. పాఠకుడు నాలుగు వందల పుటలు నమ్మిన తరువాత, నమ్మటానికి ఆధారం లేదని రాసినవారే చెబుతున్నారు. ఆ పక్కనే హార్కర్ దంపతుల చిన్న కొడుకు వాన్ హెల్సింగ్ మోకాలి మీద కూర్చొని ఉన్నాడు. పెళ్లయ్యాక డ్రాక్యులా నెత్తురు తాగవలసి వచ్చిన తల్లికి పుట్టిన బిడ్డ అతడు. ఆ సంగతిని అక్కడున్నవారెవ్వరూ ప్రస్తావించరు.